కండక్టరమ్మ ఊపిరి

జ్యోతిరాణికి అలసట ఎప్పుడు మొదలైందో ఆమెకే సరిగ్గా తెలియదు. పంతొమ్మిదేళ్లుగా ఆమె బస్సు కండక్టర్. మంథని నుంచి పెద్దపల్లికి, పెద్దపల్లి నుంచి మంథనికి తిరగడమే ఆమె పని. కొత్తలో ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఏ రంగు ఇల్లుందో కళ్లు మూసుకుని చెప్పేది. పోనుపోను కిటికీ బయటికి చూడడమే మానేసింది. చూడాల్సినవన్నీ బస్సు లోపలే ఉండేవి. చాచిన చేతులు, కాళ్లకు అడ్డం పడే సంచులు, ఆధార్ కార్డులు, పట్టుకోవడానికి కడ్డీ అందని ముసలివాళ్లు.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సు కిక్కిరిసిపోవడం మొదలైంది. ఆమెకు దాని మీద కోపమేమీ లేదు. పుట్టింటి ముఖం చూసి ఏళ్లయినవాళ్లు, కూలికి నడిచిపోయేవాళ్లు బస్సెక్కుతుంటే మొదట్లో సంబరపడింది కూడా. కాని ఒక్కొక్కరి కార్డు చూసి, ఒక్కొక్కరికి పైసా పడని జీరో టికెట్ కొట్టి, ముందు నుంచి వెనక దాకా జనంలో ఈదుకుంటూ పోయి వచ్చేసరికి ఇంకో స్టేజీ వచ్చేది. మళ్లీ మొదలు. గొంతు ఎప్పుడూ బొంగురే. సాయంత్రానికి మోకాళ్లు ఉబ్బేవి. ఇంటికొచ్చి చెప్పులు విడిచి, గడప పక్కన గోడకు ఆనుకుని కూలబడితే మళ్లీ లేవబుద్ధయ్యేది కాదు.

ఇల్లు సెంటినరీ కాలనీలో బొగ్గు కంపెనీ ఇచ్చిన క్వార్టరు. భర్త రాజేశం ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. అతనివి మూడు షిఫ్టులు, ఆమెవి రెండు డ్యూటీలు. ఒకే కంచం ముందు కాకపోయినా ఒకే గదిలో కూర్చుని ఇద్దరూ అన్నం తినేది వారానికి రెండు మూడు పూటలే. కూతురు అలేఖ్య వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మాటలు తక్కువ. పోట్లాటలూ తక్కువే, పోట్లాడడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

ఆ సంవత్సరం మే నెలలో పెళ్లిళ్ల రోజులు. మధ్యాహ్నం ట్రిప్పు. బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఆ ట్రిప్పులో అప్పటికే ఒకామె కార్డు చూపించమంటే గయ్యిమంది. "నీ అయ్య సొమ్మేమన్న పోతుందా?" అని అందరి ముందు అడిగింది. జ్యోతిరాణి ఆ మాట మింగేసి, టికెట్ కొట్టి వెనక్కి జరిగింది.

ఆ తర్వాతి స్టేజీలో డెబ్బై దాటిన ముసలామె ఒకతి ఎక్కింది. చేతిలో గుడ్డసంచి. కార్డు అడిగితే కొంగుముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. దవాఖాన చీటీ.

"కార్డు ఇంట్ల మర్సిన బిడ్డా," అంది.

అట్లాంటివి ఎన్ని చూడలేదు జ్యోతిరాణి! చూసీ చూడనట్టు టికెట్ కొట్టి ముందుకు పోయిన రోజులే ఎక్కువ. ఆ రోజు మాత్రం ఆమె చెయ్యి పైకి లేచి తాడు లాగింది. డ్రైవర్ ముందు గంట మోగింది. బస్సు ఆగింది.

"దిగు."

"ఈడనా బిడ్డా? ఊరు లేదు గదా ఈడ."

"దిగుమన్న గదా! నీ అసొంటోళ్లతోనే మా పానాలు పోతున్నయ్. దిగు!"

ముసలామె ముందు సంచిని రోడ్డు మీద పెట్టింది. తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. వెనక సీట్లో ఎవరో ఫోన్లో తీస్తున్నారు. జ్యోతిరాణి మళ్లీ గంట కొట్టింది.

ఆ ఎండలో ముసలామె ఎంత దూరం నడిచిందో, ఒక కల్వర్టు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ట్రాక్టర్ మీద పోతున్న వాళ్లు చూసి దవాఖానకు చేర్చారు. ఆమె పేరు సమ్మవ్వ అని, మంథని అవతల గోదావరి ఒడ్డు పల్లె అని జ్యోతిరాణికి తెలిసేసరికి సాయంత్రమైంది. అప్పటికే ఆ వీడియో కాలనీలో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది.

జ్యోతిరాణి దాన్ని రాజేశం ఫోన్లో చూసింది. పదకొండు సెకన్లు. తాను అరిచిన మాటల కన్నా తన ముఖమే ఆమెను భయపెట్టింది. ఆ ముఖంలో కోపం కూడా లేదు. ఖాళీగా, దీపం తీసేసిన గదిలా ఉంది. ఫోను తిరిగి ఇచ్చేసి, "ఇగ నాకు సూపియ్యకు," అంది.

మూడో రోజు సస్పెన్షన్ కాగితం వచ్చింది. ఎంక్వైరీ జరుగుతుందని, పిలిచినప్పుడు రావాలని అందులో ఉంది.

ఇంట్లో కూర్చోవడం ఆమెకు కొత్త. ఇన్నేళ్లూ ఒక్కరోజు సెలవు దొరికితే చాలనుకున్న మనిషికి ఇప్పుడు అన్నీ సెలవులే, కాని కన్ను మూతపడదు. పక్క క్వార్టర్ల ఆడవాళ్లు ఎదురైతే నవ్వేవారు కాదు, తిట్టేవారూ కాదు, అటు తిరిగి కొళాయి కట్టేసుకునేవారు. అలేఖ్య ఫోన్ చేసి, "అమ్మా, నువ్వేనా అది?" అని అడిగి ఏడ్చింది. ఆ మరునాటి నుంచి జ్యోతిరాణికి ఊపిరి ఆడకపోవడం మొదలైంది. కూర్చున్నా, పడుకున్నా, లోపలికి తీసుకున్న గాలి ఛాతీ సగం దాకా వచ్చి ఆగిపోయినట్టుండేది. రాజేశం దవాఖానకు తీసుకుపోయాడు. ఈసీజీ తీశారు. గుండె బాగానే ఉందన్నారు. రెస్టు తీసుకోమని రాసిచ్చారు. ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది, నవ్వితే మళ్లీ ఊపిరి అందలేదు.

అట్లాంటి ఒక సాయంత్రం అరుణ్‌కుమార్ వచ్చాడు. ఆ రోజు బస్సు నడిపింది అతనే. భైంసా దగ్గరి పల్లెవాడు, ఆరేళ్లుగా ఇటు పనిచేస్తున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ చల్లారేదాకా పట్టుకున్నాడు.

"బ్రేకు తొక్కింది నేనే గదక్కా," అన్నాడు చివరికి. "నువ్వు గంట కొట్టినవ్, నేను ఆపిన. అద్దంల సూసిన, ముసలామె దిగుతుంది. ఎందుకు దింపుతున్నవని ఒక్క మాట అడగలే నేను. నా పేరు ఎవ్వరు తీస్తలేరు, గంతే ఫరక్."

"నీదేముంది తమ్మీ," అంది జ్యోతిరాణి.

"నువ్వు మా ఆయి దగ్గరికి పోయి రా అక్కా. మా అమ్మ. పది రోజులుండు."

"ఎందుకు? మొక్కు మొక్కుకోనీకా?"

"మొక్కుడు గిక్కుడు లేదు. మేం బౌద్ధులం. మా తాత కాలంల బాబాసాహెబ్ బాట పట్టినోళ్లం. మా ఊర్ల చిన్న విహార ఉంది. ఆడ కూసునుడు, ఊపిరి సూసుడు. గంతే."

"ఊపిరి సూసుడేంది తమ్మీ? గది ఆడకనే సస్తున్న నేను."

"మా ఆయికి సుత ఆడదు," అన్నాడు అరుణ్‌కుమార్.

రాజేశం అప్పుడే షిఫ్టు నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. బొగ్గునీళ్లు కాలువలోకి పోతుండగా తల ఎత్తకుండానే అన్నాడు, "పో జ్యోతీ. ఈడుండి గోడలు సూసుడు కన్నా నయమే గదా."

కరీంనగర్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి నిర్మల్‌కు ఒకటి, అక్కడి నుంచి భైంసాకు ఇంకొకటి. మూడు బస్సుల్లోనూ ఎవరైనా గుర్తుపడతారేమోనని ముఖానికి స్కార్ఫు చుట్టుకునే కూర్చుంది. నిర్మల్ బస్సులో కండక్టర్ ఇరవై అయిదేళ్లు కూడా నిండని పిల్ల. కార్డు చూసి జీరో టికెట్ చింపి ఇచ్చింది. ఆ పిల్ల మోచేతి మీద కడ్డీకి రాసుకుని నల్లబడిన మచ్చను జ్యోతిరాణి చూసింది. అలాంటిదే తనకూ ఉంది.

అరుణ్‌కుమార్ తల్లి గంగుబాయి తన ఇంటి ముందు నిలబడి ఉంది. పొట్టి మనిషి, తొమ్మిది గజాల చీర కచ్చ పోసి కట్టింది. అరవై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లు భైంసాలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసింది. గాలిలో ఎగిరే పత్తినూగు ఊపిరితిత్తుల్లో చేరి ఉండిపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. నడుముకు కట్టుకున్న చిన్న గుడ్డసంచిలో ఆస్తమా పంపు ఎప్పుడూ ఉంటుంది.

"బస్ బాయీ, బస్," అంది గంగుబాయి.

జ్యోతిరాణి ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద ఏ బస్సూ లేదు. గంగుబాయికి సంగతి అర్థమై నవ్వు, ఆ నవ్వు నుంచి దగ్గు వచ్చింది. "కూసోమంటున్న బిడ్డా! మరాఠీల కూసోమనుడు. నీకు కూసోమన్నా బస్సే యాదికొస్తుందా?"

విహార అంటే రేకుల కప్పు వేసిన ఒక గది. ముందు అయిదు రంగుల జెండా. లోపల తెల్లని బుద్ధుని బొమ్మ, పక్కన నీలం కోటు వేసుకున్న బాబాసాహెబ్ పటం, నేల మీద గోనెపట్టాలు. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి అందరూ కలిసి బుద్ధం శరణం గచ్ఛామి అంటూ త్రిశరణం చెప్పుకుని కూర్చుంటారు. అందరూ అంటే ఏడెనిమిది మంది, ఎక్కువగా ఆడవాళ్లే. పత్తి గింజలు పెట్టి, పొలాల నుంచి నేరుగా వచ్చేవాళ్లు. కాళ్లకు నల్లరేగడి మట్టి అట్లాగే ఉండేది.

మొదటి సాయంత్రం గంగుబాయి ఆమెకు చెప్పింది ఇంతే:

"ముక్కు కొనకాడ సూడు. లోపలికి పోతుందా, పోతుందని తెల్వాలె. బయటికొస్తుందా, వస్తుందని తెల్వాలె. పొడుగుదైతే పొడుగు, పొట్టిదైతే పొట్టి. దాన్ని దిద్దకు. దిద్దుటానికి గది నీ కోడలు కాదు."

"నాది సగం దాకనే వస్తుంది ఆయీ. ఆగిపోతుంది."

"అయితే సగమే సూడు. నాది సుత సగమే. ఉన్నదాన్ని సూడాలె గని లేనిదాన్ని ఎట్ల సూస్తవ్?"

జ్యోతిరాణి కళ్లు మూసుకుంది. మూడో శ్వాసో నాలుగో శ్వాసో గమనించిందేమో, అంతే. కళ్లు తెరిచేసరికి అందరూ వెళ్లిపోయారు. గోనెపట్టా మీద ఒక పక్కకు ఒరిగి నిద్రపోయి ఉంది. మీద ఎవరో దుప్పటి కప్పారు. గంగుబాయి గోడవారగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

మూడు రోజులు అదే వరస. తెల్లవారుజామున కూర్చోగానే నిద్ర, సాయంత్రం కూర్చోగానే నిద్ర. ఆమెకు సిగ్గనిపించింది. "జర లేపరాదా ఆయీ?" అని అడిగింది.

"ఎందుకు లేపాలె? ఎన్నేండ్ల నిద్రో ఏమో. కానియ్యి."

నాలుగో రోజు నిద్ర పట్టలేదు. నిద్ర తీరాక మిగిలింది నొప్పి. మోకాళ్లు, నడుము, ఏళ్ల తరబడి కడ్డీకి ఆనించిన ఎడమ భుజం. కాళ్లు చాపుకుని గోడకు ఆనుకోమంది గంగుబాయి. అట్లా కూర్చుంటే నొప్పి తగ్గింది గాని తలలో గోల మొదలైంది. టికెట్, టికెట్, ముందుకు జరగాలె, కార్డు తియ్యాలె, లోపలికి జరగాలె. ఒక్క శ్వాస పూర్తయ్యేలోపు ఆమె మనసు రెండు స్టేజీలు దాటిపోయేది. లెక్కపెట్టుకుంటే నిలుస్తుందంది గంగుబాయి. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావాలి. జ్యోతిరాణి లెక్కపెట్టింది. చూసుకుంటే నలభై ఏడు దగ్గర ఉంది. ఇన్నేళ్లూ తలలు లెక్కపెట్టిన అలవాటు, పది దగ్గర ఆగడం రాదు.

"మళ్ల ఒకటి నుంచి పెట్టు," అంది గంగుబాయి, ఏ విసుగూ లేకుండా. ఆ మాట ఆ పది రోజుల్లో ఎన్నిసార్లు అందో లెక్క లేదు.

పగలంతా ఇంటి పనే. జొన్నరొట్టె కొట్టడం నేర్పబోయింది గంగుబాయి. జ్యోతిరాణి చేతిలో అది మూడు ముక్కలయ్యేది. రొట్టె కాలుతుంటే గంగుబాయి తన సంగతి చెప్పింది. మిల్లు మానేసిన ఏడాది, రాత్రుళ్లు పడుకుంటే ఇదే ఆఖరి ఊపిరేమోనని భయమయ్యేది. భయపడితే ఊపిరి ఇంకా బిగిసేది. ఆ వానాకాలం నాందేడ్ నుంచి ఒక భంతే, అంటే బౌద్ధ భిక్షువు, వచ్చి ఆ పల్లెలోనే మూడు నెలలు వర్షావాసం ఉన్నాడు. ఆయన నేర్పిందే ఇది.

"కూసుంటే రోగం తగ్గిందా ఆయీ?"

"రోగమెక్కడ తగ్గుతది బిడ్డా? పోయిన సాలు కన్నా ఈ సాలు ఎక్కువే ఉంది. భయమే జర తగ్గింది." రొట్టె తిప్పుతూ అంది, "గదే శాన."

ఏడో రోజు తెల్లవారుజామున వాన పడుతోంది. రేకుల మీద చప్పుడు. జ్యోతిరాణికి మొదటిసారి ఊపిరి ఊపిరిగా తెలిసింది. ముక్కు కొన దగ్గర చల్లగా లోపలికి, కొంచెం వెచ్చగా బయటికి. ఆరు, ఏడు, ఎనిమిది. ఏమీ అక్కర్లేనట్టుంది. ఆ నెమ్మదిలోనే గుడ్డసంచి కనబడింది. ఒక ముసలి చెయ్యి దాన్ని తారు రోడ్డు మీద పెడుతోంది. పడిపోకుండా, జాగ్రత్తగా. ఆ జాగ్రత్తను ఆ రోజు జ్యోతిరాణి చూసింది. చూసి కూడా గంట కొట్టింది.

ఆమె లేచి బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. చూరునీళ్లు కాళ్ల మీద పడుతున్నా కదల్లేదు. కాసేపటికి గంగుబాయి వచ్చి, పంపు నోట్లో పెట్టుకుని ఒక్కసారి పీల్చి, పక్కన కూర్చుంది.

"ఊపిరి సూసుకుంట కూసుంటే పాపం పోతదా ఆయీ?"

"పోదు."

జ్యోతిరాణి తలెత్తి చూసింది. అంత సూటిగా చెబుతుందనుకోలేదు.

"గది గా ముసలామె కాడ ఉంది బిడ్డా. నీ ముక్కుకాడ ఎందుకుంటది?"

"మరి గిదంత ఎందుకు?"

"నువ్వు పోయి ఆమె ముందట నిలబడాలె గద. నిలబడితే నీకు ఊపిరి ఆడదు. ఆడకపోతే ఉరుకుతవ్, లేకుంటే ఏదో ఒక అబద్ధం సెప్తవ్. ఉరకకుండ ఉండనీకి. గంతే." మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి. అవి సద్దుమణిగేదాకా ఇద్దరూ వాన చూస్తూ కూర్చున్నారు.

పదకొండో రోజు జ్యోతిరాణి తిరిగి వచ్చింది. వారం తర్వాత, మొదటి షిఫ్టు దిగి వచ్చిన రాజేశం బండి తీశాడు. మంథని దాటి, గోదావరి వైపు పొలాల దారిలో పోయి, పల్లె మొదట్లో ఒక పెంకుటిల్లు ముందు ఆపాడు. "నేను ఈడనే ఉంట," అని బండి మీదే కూర్చున్నాడు.

సమ్మవ్వ అరుగు మీద ఉంది. కుడి చేతికి పిండికట్టు, మెడకు వేలాడదీసిన గుడ్డ. కోడలు నాట్లకు పోయినట్టుంది, ఇంట్లో ఎవరూ లేరు. ఖాకీ చొక్కా లేని జ్యోతిరాణిని ఆమె గుర్తుపట్టలేదు. "ఎవలు బిడ్డా?" అంది.

"నేనే అవ్వా. బస్సుల నుంచి దింపినామెను."

సమ్మవ్వ ముఖం మారింది. కేకలేస్తుందనుకుంది జ్యోతిరాణి. కేకలేయలేదు. కట్టు చెయ్యి ఒళ్లోకి తీసుకుని, "ఎందుకు దింపినవ్?" అని అడిగింది.

దారి పొడుగునా జ్యోతిరాణి పది జవాబులు తయారుచేసుకుంది. చెకింగు వాళ్ల భయం, రూలు, అంతకు ముందు తిట్టినామె, ఎండ, మోకాళ్లు. ఇప్పుడు అవన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఛాతీ బిగిసింది. ఊపిరి పొట్టిగా వస్తోందని ఆమెకు తెలిసింది. పొట్టిగానే వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. కాళ్లు వెనక్కి పోతామంటున్న సంగతీ తెలిసింది. నిలబడింది.

"అలసిపోయి దింపిన అవ్వా. ఇంకో కారణం లేదు."

సమ్మవ్వ ఎడమ చేత్తో కట్టు సర్దుకుంది. "నేను సుత అలసిపోయే ఎక్కిన బిడ్డా, బస్సు."

జ్యోతిరాణి చెప్పులు విడిచి అరుగు దగ్గరికి జరిగింది. సమ్మవ్వే అంది, "నిలవడ్డవెందుకు? అగో, గా కుండల నీళ్లున్నయ్. నువ్వు తాగి, నాకిన్ని పొయ్యి. ఒంటిచేత్తోని ముంచరాదు నాకు."

నీళ్లు తాగాక తల చూపించింది. వారాల తరబడి దువ్వెన పడలేదు. కోడలికి తీరదు, ఎడమ చెయ్యి సాగదు. జ్యోతిరాణి నూనె రాసి, వెనక కూర్చుని చిక్కులు తీసింది. "గుంజకు! నెత్తా, పీచా గది?" అని రెండుసార్లు కసురుకుంది సమ్మవ్వ. కసురుకుంటూనే కునుకు తీసింది. పొద్దు వాలింది. బండి మీద రాజేశం కూడా తల వాల్చాడు. జ్యోతిరాణి దువ్వెన పట్టుకుని, ఆ సన్నటి వీపు పైకి కిందికి కదలడం చూస్తూ, లేపకుండా కూర్చుంది.

క్షమించానని సమ్మవ్వ అనలేదు. జ్యోతిరాణి అడగలేదు. మంగళవారం మంగళవారం పోయి అంట్లు తోమి, తల దువ్వి వచ్చేది. ఒక మంగళవారం గుమ్మంలో అడుగు పెట్టగానే, "పో, ఇయ్యాల నాకు నీ ముఖం సూడబుద్ధి అయితలేదు. పొద్దటి సంది చెయ్యి గుంజుతుంది," అని తరిమేసింది సమ్మవ్వ. జ్యోతిరాణి వచ్చిన దారినే తిరిగి వచ్చింది. దారంతా ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత చేస్తుంటే ఇట్లా అంటుందేమిటి అనుకుంది. అనుకుని, అలా అనుకున్నందుకు ఇంకా అలసిపోయింది. ఆ మరుసటి మంగళవారం మళ్లీ పోయింది. సమ్మవ్వ ఏమీ జరగనట్టు దువ్వెన అందించింది. పిండికట్టు తీసేసేదాకా అట్లాగే సాగింది.

ఎంక్వైరీకి సమ్మవ్వను కూడా పిలిచారు. అధికారి ముందు కుర్చీలో కూర్చోబెట్టి జరిగింది చెప్పమన్నారు.

"దింపింది సారూ. నడిఎండల దింపింది. నా చెయ్యి ఇరిగింది. అబద్ధమెందుకు? అటెన్క వచ్చి తల దువ్వింది, అంట్లు తోమింది. అది సుత నిజమే. రెండూ రాసుకో."

అధికారి మొదటిదే రాసుకున్నాడు. రెండోదానికి ఆ కాగితంలో చోటు లేదు. జ్యోతిరాణి తప్పు ఒప్పుకుని సంతకం పెట్టింది. మూడు నెలల సస్పెన్షన్‌ను శిక్షగా లెక్కగట్టి, మందలింపు రాసి, దారి మార్చి డ్యూటీలోకి తీసుకున్నారు. ఇప్పుడామె జమ్మికుంట బస్సులో ఉంది. పత్తి మార్కెట్టు సాగే నెలల్లో ఆ బస్సు కూడా నిండిపోతుంది. మోకాళ్లు ఉబ్బడం మానలేదు. కొందరు ప్రయాణికులు ఇప్పటికీ గుర్తుపట్టి పక్కవాళ్ల చెవిలో చెప్పుకుంటారు. అలేఖ్య మాత్రం మళ్లీ రోజూ ఫోన్ చేస్తోంది.

తెల్లవారుజామున డ్యూటీకి తయారయ్యే ముందు, వంటింట్లో స్టూలు మీద పావుగంట కూర్చుంటుంది. కూర్చోని రోజులు కూడా చాలానే. కూర్చున్న రోజు పది దాకా లెక్క కుదిరితే అదే గొప్ప. ఏమైనా మారిందా అని అరుణ్‌కుమార్ ఒకసారి అడిగాడు.

"కోపం అచ్చేముందు తెలుస్తుంది తమ్మీ."

"తెలిస్తే ఆగుతుందా?"

"ఒక్కోపారి ఆగుతది. ఒక్కోపారి తెలిసి తెలిసే గొంతు సించుకొని ఒర్రుత," అంది. "ఒర్రినంక మాత్రం, ఒర్రింది నేనే అని తెలుస్తది. అప్పుడు గది సుత తెల్వకపాయె."

మాఘ మాసంలో గంగుబాయి కొడుకు దగ్గరికి వచ్చింది. పెద్దపల్లి దగ్గర ధూళికట్టలో పాతకాలపు బౌద్ధ స్తూపం ఉందట, ఒక్కసారి చూపించమని పట్టుబట్టింది. ముగ్గురూ కలిసి ఆటోలో పోయారు. చదును పొలాల మధ్య ఒక దిబ్బ, పాత ఇటుకలు, చుట్టూ కొన్ని రాతి పలకలు. మేకలు మేస్తున్నాయి. గంగుబాయి రెండుచోట్ల ఆగి పంపు పీల్చి పైకి ఎక్కింది. చుట్టూ చూసింది.

"గింతేనా?" అంది.

"గింతే ఆయీ," అన్నాడు అరుణ్‌కుమార్. "చెక్కిన రాళ్లు కొన్ని కరీంనగర్ మ్యూజియంల ఉన్నయట."

"ఉండనీ. కూసునుటానికి జాగ ఉంది గద."

నేల మీదే కూర్చున్నారు. ఎండ సన్నగా ఉంది. జ్యోతిరాణి కాళ్లు చాపుకుని కళ్లు మూసుకుంది. మూడు దాకా లెక్క వచ్చేసరికి ఆ పూట చేయాల్సిన డ్యూటీ గుర్తొచ్చింది. మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టింది. అయిదు దాకా పోయింది. ఎడమ భుజం నొప్పి. మళ్లీ ఒకటి. పక్కన గంగుబాయి ఊపిరి గరగరమంటూ లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. గొప్ప శాంతి ఏదీ దిగి రాలేదు. చీమ ఒకటి మడమ మీద పాకింది.

ఇరవై నిమిషాలయ్యాక గంగుబాయి మోకాళ్ల మీద చేతులూని లేచింది. "చాలు. ఆకలైతుంది," అంది. గుడ్డలో కట్టుకొచ్చిన రొట్టెలు విప్పి ముగ్గురూ తిన్నారు. రెండు గంటలకు డ్యూటీ ఉంది కాబట్టి జ్యోతిరాణి చేతులు కడుక్కుని, వాళ్లిద్దరినీ కాసేపు కూర్చుని నిదానంగా రమ్మని చెప్పి, తానొక్కతే ఆటో దొరికే రోడ్డు వైపు నడిచింది.